ముందు పలక లేవాలి

మా బావ పోయిన సంగతి నాకు మా అక్కే చెప్పింది. ఇలా రాస్తే మిగతావాళ్ళకు మామూలు మాటలాగే ఉంటుంది. కానీ మా అక్కకు మాట లేదు. కొన్నేళ్ళుగా ఆమె ఒంట్లో కదిలేవి కళ్ళూ, కుడిచేతి బొటనవేలూ మాత్రమే. ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మంచం మీద పడుకుని, ఆ ఒక్క వేలితో, విశాఖపట్నంలో నేను పాఠాలు చెప్పే కాలేజీ కంప్యూటర్‌కు కబురు పంపింది. ఈ శ్రావణంలో ఒక సోమవారం పొద్దున్న ఆఫీసు గదిలో నిలబడే చదివాను.

"బావ లెగట్లేదు. ఎవర్నన్నా పంపు."

అక్క ఇంటికి ఫోన్ చేస్తే ఎంగేజ్ వచ్చింది. వస్తుంది మరి, ఆ తీగ మీదే కదా ఈ కబురు నా దాకా వచ్చింది. ఎదురు క్వార్టర్లో కొడుకు దగ్గర ఉండే రిటైరైన రైల్వే గార్డు గారికి ఫోన్ చేశాను. ఆయనా, ఇంకొకరూ వెళ్ళి పెరటి తలుపు విరగ్గొట్టారు. బావ వంటగది గడప మీద పడి ఉన్నారు. చేతిలో అగ్గిపెట్టె, ఇంకా గీయని పుల్ల. పడినప్పుడే పోయి ఉంటారని డాక్టరు చెప్పాడు. మంచం మీంచి అక్కకు కనబడేవి ఆయన పాదాలే. ఆ పాదాలను చూస్తూనే అక్క ఒక్కొక్క అక్షరం ఏరుకుంది.

బావ ఎవరో చెప్పాలి. ఊళ్ళో రైల్వేవాళ్ళ తెలుగు స్కూల్లో లెక్కల మాస్టారు. వాళ్ళ నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరిన మనిషి. ఎనభైలలో మా అక్కను పెళ్ళి చేసుకునేటప్పటికి నేను ఇంకా స్కూల్లోనే ఉన్నాను. అక్క అదే స్కూల్లో చిన్న క్లాసులకు చెప్పేది. ఆమె కుళాయి దగ్గర మాట్లాడితే సందు చివరి ఇంటికి వినిపించేది. బావ మాత్రం రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఎందుకు బావా మాట్లాడవు అని అడిగితే, "ఇంటికి ఒక నోరు సాలు, మరదలా. మీ అక్కది ఉన్నాది కదా" అనేవారు.

ఆ నోరు ఒక వేసవి పొద్దున్న ఆగిపోయింది. మెదడు కింది భాగంలో రక్తం గడ్డకట్టిందని కలకత్తా ఆస్పత్రిలో చెప్పారు. ఇక లేవదు, మాట్లాడదు. బావ డాక్టర్ని అడిగింది ఒక్కటే: అంతా ఆవిడకు తెలుస్తూనే ఉంటుందా అని. తెలుస్తుంది, వింటుంది, చెప్పలేదు అంతే అన్నాడు డాక్టరు. బావ ఆ వరండాలోనే గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయారు. చచ్చిపోతుందని చెప్పినా ఆయన అలా కూలబడి ఉండేవారు కారనుకుంటాను.

ఇంటికి తెచ్చాక ఆయన ఒక అట్ట మీద అక్షరాలు రాశారు. వాటి మీద వేలు నడుపుతూ పోతే, కావలసిన అక్షరం దగ్గర అక్క బొటనవేలు ఎత్తేది. ఒక మాటకు ఎంత సేపు పట్టేదో ఊహించుకోండి. మేమందరం మధ్యలోనే అందించేసేవాళ్ళం. ఒకసారి "నీ" దాకా రాగానే అమ్మ "నీళ్ళా తల్లీ?" అంటూ గ్లాసు పట్టుకొచ్చింది. అక్క కళ్ళు మూసేసుకుంది. బావ గ్లాసు పక్కన పెట్టించి, "అత్తా, ఆవిడ మాట ఆవిణ్ణే పూర్తి సెయ్యనీ" అన్నారు. మళ్ళీ వేలు నడిపారు. అక్క చెప్పాలనుకున్నది నీళ్ళు కాదు. "నీలం చీర నీకు బాగుంది" అని. అమ్మ ఆ చీర కొంగుతోనే ముఖం కప్పుకుని వంటగదిలోకి వెళ్ళిపోయింది. అప్పటినుంచి బావ ఎదుట ఎవరమూ అక్క మాటను మధ్యలో అందుకోలేదు.

కంప్యూటర్ సంగతి ఊళ్ళోని ప్రేమ్ బజార్‌లో ఒక టీ దుకాణం దగ్గర మొదలైంది. అక్కడ అద్దెగదిలో ఉంటూ పరిశోధన చేసుకునే ఒక మరాఠీ ఆయనతో బావకు పరిచయమైంది. ఎవరో వాడుకుని పక్కన పెట్టేసిన యంత్రం ఒకటి ఆయన ఇప్పించాడు. ఒక చిన్న ప్రోగ్రాం కూడా రాసిచ్చాడు. తెర మీద గడుల్లో ఇంగ్లీషు అక్షరాలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతూ పోతాయి; తెలుగు మాటల్నే వాటితో రాసుకోవాలి. అక్క బొటనవేలి కింద ఒక మీట. కావలసిన అక్షరం వెలిగినప్పుడు నొక్కితే అది కింద పడుతుంది. చివరి గడి వెలిగినప్పుడు నొక్కితే మనుషుల్ని పిలిచే గంట మోగుతుంది. బావ దానికి పలక అని పేరు పెట్టారు. అక్క ఆ పలక మీద రాసిన మొదటి వాక్యం, "పప్పులో ఉప్పు ఎక్కువేస్తున్నావు. ఇన్నాళ్ళనుంచీ." బావ ఆ రోజు స్కూలుకు వెళ్ళలేదట. దాన్నే చూస్తూ కూర్చున్నారట.

తర్వాత అసలు కష్టం మొదలైంది. ఖరగ్‌పూర్‌లో లోడ్ షెడ్డింగ్ సంగతి అక్కడ బతికినవాళ్ళకు చెప్పక్కర్లేదు. కరెంటు పోతే యంత్రం ఆగిపోతుంది. తిరిగి వచ్చాక ఎవరో ఒకరు కూర్చుని పలకను తెరవాలి. బావ స్కూల్లో ఉంటారు. పగలు అక్క దగ్గర ఉండే బెంగాలీ ఆవిడ, మేమంతా మాసీ అంటాం, ఆమెకు ఆ యంత్రాన్ని ముట్టుకోవాలంటేనే భయం. అంటే కరెంటు పోయిన ప్రతిసారీ బావ ఇంటికి వచ్చేదాకా అక్క మళ్ళీ మూగదే. అందుకని ఆయన ఆ పని నేర్చుకున్నారు. కరెంటు రాగానే యంత్రం తనంతట తాను లేవాలి, ఎవరూ ఏమీ నొక్కకుండా పలక వచ్చి తెర మీద నిలబడాలి. లెక్కలు తప్ప వేరే చదువు లేని మనిషి, పుస్తకాలు తెచ్చుకుని, మరాఠీ ఆయన్ని అడిగి అడిగి సాధించారు.

కానీ యంత్రం లేచేటప్పుడు లేచేది పలక ఒక్కటే కాదు. ఏ కొత్త ప్రోగ్రాం ఎక్కించినా అది కూడా చెప్పకుండా ఆ వరసలో చేరిపోతుంది. ప్రింటరుది ఒకటి, పాటలది ఒకటి, దేనికో తెలియనిది ఇంకొకటి. అన్నీ లేచేసరికి పలక వెనకబడుతుంది. ఒక్కోసారి రానే రాదు. ఆదివారం పూట బావ ఆ వరస తెరిచి, హాజరు వేస్తున్నట్టు ఒక్కొక్క పేరూ పైకి చదివేవారు. "పిలవకుండా వొచ్చి కూకున్నోళ్ళు ఎవరో సూద్దాం" అనేవారు. ప్రతి పేరు దగ్గరా అక్కను అడిగేవారు, ఉంచేదా, తీసేదా అని. ఉంచమంటే వేలు ఒకసారి, తీసేయమంటే రెండుసార్లు. అది వాళ్ళిద్దరి ఆదివారం. వేరే భార్యాభర్తలు ఆ పూట సినిమాకు పోతారు.

ఫోను తీగకు యంత్రాన్ని తగిలించమన్నది అక్క. ఊళ్ళోకి ఇంటర్నెట్ వచ్చిందని గార్డు గారి అబ్బాయి చెబుతుంటే విన్నదట. పలకలో ఇంకో గడి నొక్కితే రాసింది ఆ తీగ మీద నాకు వచ్చేట్టు మరాఠీ ఆయన అమర్చాడు. తగిలించాక నాకు వారానికి రెండు ఉత్తరాలు. మాసీ కూతురి పెళ్ళి కబుర్లు, స్కూలు రాజకీయాలు, బావ వంట మీద ఫిర్యాదులు. మా పాత అక్క తిరిగి వచ్చింది.

కిందటి ఏడాది దసరా సెలవులకు నేను వెళ్ళి ఉండగా అది జరిగింది. అక్క పక్కన కూర్చుని బెండకాయలు తరుగుతున్నాను. పలక మీద అక్షరాలు పడుతున్నాయి. ఏం రాస్తోందా అని తల ఎత్తి చూశాను. ఇంగ్లీషులో ఒక బూతు మాట. దాని కింద హ హ హ అని. అక్క వేలు వైపు చూశాను. అది కదలడం లేదు. మీట మీద రాయిలా ఉంది. అక్షరాలు మాత్రం పడుతూనే ఉన్నాయి. అక్క కళ్ళు నావైపు తిరిగాయి. ఆ కళ్ళలో ఉన్న భయం నేను ఇంకెక్కడా చూడలేదు. చావు దగ్గర కూడా చూడలేదు.

నా కేకకు బావ పెరట్లోంచి వచ్చి, తెర చూసి, గోడలోంచి ఫోను తీగ పీకేశారు. అక్షరాలు ఆగిపోయాయి. ఎవరో పంపిన గ్రీటింగ్ కార్డు తెరిచినప్పుడు దానితో పాటు ఒకటి లోపలికి వచ్చి, యంత్రం లేచే వరసలో కూర్చుందని తర్వాత తెలిసింది. దాని ద్వారా ఎక్కడివాడో, మొహం తెలియనివాడు, మా ఇంటి యంత్రాన్ని ఆడించాడు. వాడికి అదొక ఆట. ఆ పలక ఒక మనిషి నోరని వాడికి తెలియదు. బావ మంచం పక్కన నిలబడి, చాలా నెమ్మదిగా, "నా పెళ్ళాం నోట్లో ఎవడో మాట పెట్టినాడు" అన్నారు. ఆ రోజు ఆయన అన్నం తినలేదు.

వరసలోంచి దాన్ని తీసేశారు కానీ ఫోను తీగ మళ్ళీ పెట్టలేదు. రెండో రోజు అక్క రాసింది, "తీగ పెట్టు" అని. బావ ఒద్దన్నారు. మళ్ళీ అదే రాసింది. "మళ్ళీ ఆడొస్తే ఏటి సేస్తావు?" అని ఆయన అడిగారు. అక్క జవాబు రాస్తుంటే ఇద్దరం అలా నిలబడే ఉన్నాం. ఒక్కొక్క అక్షరమే పడింది.

"తలుపు మూసేస్తే దొంగ రాడు. చుట్టమూ రాడు."

బావ కూర్చున్నారు. "నీ పలక మీద రాసినాది నువ్వో ఇంకోడో నాకెలా తెలుస్తాది?" అన్నారు.

"నేను తప్పులు రాయను" అని రాసింది అక్క. ఆ బూతులో నిజంగానే ఒక అక్షరం తప్పు పడి ఉంది. బావ నవ్వబోయి, నవ్వలేక, లేచి వెళ్ళిపోయారు.

అప్పటికి మరాఠీ ఆయన చదువు ముగించుకుని వెళ్ళిపోయాడు. బావ ఒక్కరే ప్రేమ్ బజార్ దుకాణాలన్నీ తిరిగి ఫైర్‌వాల్ అనే ప్రోగ్రాం ఒకటి సంపాదించారు. అది వాకిట్లో కాపలావాడి లాంటిది. బయటినుంచి తలుపు తట్టేవాణ్ణీ, లోపలినుంచి బయటికి పోయేవాణ్ణీ ఆపి అడుగుతుంది. యంత్రం లేవగానే అదీ లేచేట్టు పెట్టి, తీగ తగిలించి, మర్నాడు నిశ్చింతగా స్కూలుకు వెళ్ళారు. నేను ఆ ముందురోజే రైలెక్కేశాను. తర్వాత జరిగింది మాసీ చెప్పింది.

మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. యంత్రం లేచింది. కానీ పలక కంటే ముందు కాపలా లేచి, ఫలానా ప్రోగ్రాంను బయటికి పోనివ్వమంటారా వద్దా అని తెర మధ్యలో ఒక పెట్టె పెట్టి కూర్చుంది. దానికి జవాబు చెప్పాలంటే మౌస్ కదపాలి. అక్కకు ఉన్నది ఒక్క బొటనవేలు. పెట్టె పక్కకు తప్పుకోదు, పలక పైకి రాదు. సరిగ్గా అప్పుడే ఆమె గొంతులో కఫం అడ్డుపడింది. గంట కొట్టాలంటే పలక కావాలి. మాసీ పక్క గదిలో బట్టలు మడత పెడుతోంది. గంట మోగలేదు కదా, దీదీ పడుకుందనుకుంది. బావ స్కూలు వదలగానే వచ్చేసరికి అక్క మొహం నల్లబడి ఉంది. పక్కకు తిప్పి, వీపు చరిచి, కఫం లాగే యంత్రం పెట్టి ఎలాగో దక్కించుకున్నారు. ఊపిరి కుదురుకున్నాక ఆయన మంచం కోడుకు తల కొట్టుకుంటూ, "ఆడెవడో కాదు, నేనే నీ నోరు మూసినాను" అని పైకే ఏడ్చారట. బావను ఆమె దాదా అంటుంది; దాదా అలా ఏడవడం అంతకుముందు చూడలేదని మాసీ నాతో చెబుతూ తానూ ఏడ్చింది.

ఆ తర్వాత దాదాపు నెల రోజులు ఆయన ఒక్కటే పని మీద ఉన్నారు. కాపలా అడగబోయే ప్రశ్నలన్నిటికీ ముందే జవాబులు రాసి పెట్టారు, అది ఇంక తెర మీదికి రాకుండా. లేచే వరస మార్చారు. ఫోనులో నాకు చెప్పిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "ముందు పలక లెగాలి, మరదలా. తరవాత కాపలా. ఆ రెండూ కుదురుగా కూకున్నాకనే తలుపు తియ్యాలి." సరిగ్గా వస్తోందో లేదో చూడటానికి వరండాలో మెయిన్ స్విచ్ ఆపడం, మళ్ళీ వెయ్యడం, పరుగెత్తుకుంటూ లోపలికి వచ్చి తెర ముందు నిలబడటం. చుట్టుపక్కలవాళ్ళు మాస్టారికి మతి పోయిందనుకున్నారు. వచ్చే ఏడాది రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు లేవవని పేపర్లో చదివి, యంత్రంలో తారీఖు ముందుకు జరిపి అది కూడా పరీక్ష చేశారు. పలక లేచింది. "కొత్త శతాబ్దంలో కూడా మీ అక్క నన్ను తిడతాది" అని ఆ రోజు ఆయన ఎంతో సంతోషంగా ఫోన్ చేశారు.

ఛాతీలో మంట అంటే గ్యాస్ అని సోడా తాగేవారట. డాక్టరు దగ్గరికి వెళ్ళమని అక్క చాలాసార్లు రాసిందట. పరీక్షలు అయ్యాక, ఇంక్రిమెంట్ వచ్చాక, వానలు తగ్గాక అనేవారట. ఇంట్లో అన్నిటికంటే ముందు లేవవలసింది ఏదో అంత బాగా తెలిసిన మనిషి, తనను మాత్రం ఎప్పుడూ వరస చివరనే పెట్టుకున్నారు.

దినాలకు చుట్టాలు వచ్చారు. పదోరోజు భోజనాల తర్వాత పెద్దలు అక్క మంచం చుట్టూ కుర్చీలు వేసుకుని, ఆమెను ఏం చెయ్యాలో మాట్లాడటం మొదలుపెట్టారు. కలకత్తాలో ఇలాంటివాళ్ళను చూసే ఆశ్రమం ఏదో ఉందని ఒకరు. ఈ క్వార్టరు ఎన్నాళ్ళు ఉంటుంది అని ఇంకొకరు. చెడ్డవాళ్ళు కారు. అక్క అక్కడ లేనట్టు మాట్లాడారు, అంతే. అక్క వేలు మీట మీద గబగబా కదులుతోంది. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

తిరిగి వచ్చాక యంత్రం లేచింది. పలక వచ్చింది. దాని మీద, బావ ఏ జవాబూ రాసి పెట్టని పెట్టె ఒకటి పడింది. ఫైర్‌వాల్ గడువు అయిపోయిందట. ఓకే నొక్కాను. తెర గడ్డకట్టినట్టు ఆగిపోయింది. ఆపి, తిరిగి వేశాను, అదే. మళ్ళీ వేశాను, అదే. కాలేజీలో నేను చెప్పేది చరిత్ర పాఠాలు. నాకు ఏం తెలుసు? బావ ఉంటే అన్న మాట నోటి దాకా వచ్చి ఆగింది. ఆయన్ని బూడిద చేసి వచ్చాం. వెనక పెద్దల మాటలు నడుస్తూనే ఉన్నాయి. నేను యంత్రం ముందు కూలబడి ఏడ్చేశాను. ఆ ఏడుపు బావ కోసమా, ఆ పెట్టె కోసమా, నాకే తెలియలేదు.

అక్క కళ్ళు నన్నే చూస్తున్నాయి. వేలు కదిలించింది. అప్పుడు తట్టింది. కుర్చీ ఆమె దగ్గరకు లాక్కుని ఇంగ్లీషు అక్షరాలు పైకి చదవడం మొదలుపెట్టాను. ఎ, బి, సి. కావలసిన అక్షరం దగ్గర వేలు లేచింది. ఏ మీటలు కలిపి నొక్కితే యంత్రం ఇంకేమీ లేపకుండా ఒంటరిగా లేస్తుందో చెప్పింది. వరస ఎక్కడ దొరుకుతుందో చెప్పింది. అన్ని ఆదివారాలూ తెర చూస్తూ ఉన్నది ఆమే కదా. ఒకచోట తొందరపడి మాట నేనే పూర్తి చెయ్యబోయాను. కళ్ళు మూసుకుంది. నోరు మూసుకుని మళ్ళీ ఎ దగ్గరినుంచి మొదలుపెట్టాను. ఏ పేరు తీసెయ్యాలో ఆమె అక్షరం అక్షరం చెప్పింది, నేను తీసేశాను. కాపలా లేకుండా తలుపు తెరిచి ఉండకూడదని ఫోను తీగ కూడా ఆమే పీకించింది. వర్క్‌షాపు సాయంత్రం సైరన్ కూసే వేళకు పలక ఏ అడ్డూ లేకుండా వెలిగింది.

గంట మోగింది. మాట్లాడుతున్న పెద్దలు ఉలిక్కిపడి తెర వైపు తిరిగారు.

"నన్ను అడగండి" అని రాసింది అక్క.

మా పెదనాన్న లేచి, మంచం దగ్గర కూర్చుని, "సెప్పమ్మా. ఏటి సెయ్యమంటావు?" అని అడిగారు. ఆయన కూర్చునే ఉన్నారు, ఆమె రాయడం అయ్యేదాకా. ఇక్కడే ఉంటానంది. మాసీ ఉంటే చాలునంది. మాసీకి ఎవరూ అనువదించి చెప్పలేదు, కానీ తలుపు దగ్గర నిలబడి, "ఆమి ఆఛి" అంది. నేనున్నాను అని.

ప్రేమ్ బజార్‌లో తిరిగి ఇంకో ఫైర్‌వాల్ తెచ్చాను. అక్క చెబుతుంటే జవాబులన్నీ నింపాను. తీగ మళ్ళీ పెట్టాను. నా సెలవు పొడిగించుకుంటూ వస్తున్నాను. ఈ ఊళ్ళో ఏ స్కూల్లోనైనా చోటు దొరుకుతుందేమోనని అడుగుతున్నాను. దొరక్కపోతే ఏమవుతుందో తెలియదు. ఈ యంత్రం ఇంకెన్నాళ్ళు లేస్తుందో కూడా తెలియదు. కరెంటు పోయినప్పుడల్లా పరుగెత్తుకొచ్చి, పలక వచ్చేదాకా తెర ముందే నిలబడతాను. ఈ భయాన్ని బావ ఇన్నేళ్ళు ఒక్కరే మోశారు, ఎవరికీ చెప్పలేదు. మాకు ఆయన సణగడం కూడా గుర్తులేదు. ఇప్పుడు దండం పెడదామన్నా మనిషి లేరు.

నిన్న మధ్యాహ్నం అక్క నిద్రపోయింది. నిద్రలో నొక్కుకోకుండా మీట తీసి బల్ల మీద పెట్టి, పక్కన కూర్చున్నాను. బయట వాన. ఆమె ఊపిరి సమంగా ఉంది, కళ్ళు గట్టిగా మూసి ఉన్నాయి. ఉత్త దుప్పటి మీద బొటనవేలు లేస్తోంది, పడుతోంది. కాసేపు ఆగి, మళ్ళీ లేస్తోంది. ఎవరితోనో చాలా సేపు మాట్లాడింది.